అక్షరానికి మూడు రూపాయలు

సుల్తాన్ బజార్ సందుల మా నాయిన పెట్టిన దుకాణం.
షీల్డులు, కప్పులు, గాజు పలకలు.
పేర్లు చెక్కుడు నా పని.
అక్షరానికి మూడు రూపాయలు, వత్తులకు ఎక్కువ తీసుకోను.

ఉత్తమ సర్పంచి, ఉత్తమ రైతు, ఉత్తమ మహిళా వ్యాపారి...
ఎవరు ఏం జేసిండ్రో నేనడగలే,
ఎవరూ చెప్పలే.
సాయంత్రం సభ ఉంటది, అట్టపెట్టెలు ఆటోల పోతయి,
తెల్లారి నా గోళ్లల్ల గాజు పిండి మిగుల్తది.

మొన్న మిట్టమధ్యాహ్నం
రాణీగంజ్ నుంచి నడిచొచ్చినట్టుంది,
భుజాన గోనెసంచి, సంచిల రాగితీగ చుట్టలు,
ఒకామె నేను చెక్కిన పలకనే తెచ్చి కౌంటర్ మీద పెట్టింది.
"నా పేరుల దీర్ఘం తక్కువుంది."

మణెమ్మ అని చెక్కిన.
ఆమె మాణెమ్మ.

"కాగితంల అట్లనే రాసిచ్చిండ్రు" అన్న.
"కాగితానికి నోరుందా? నీకున్నది, అడగొద్దా?"
కోపం కాదది.
ఎండిన బోరుల మోటారు నడిపి కాలబెట్టుకున్నోన్ని
మందలించే గొంతు. ఎట్ల తెలిసిందంటే
పరిగి అవతల నల్లగుట్టపల్లిల
ఆమెది మోటార్ల వైండింగ్ దుకాణమట.

పరిగిల ఒక వైండింగ్ షాపు ముందట
నాలుగేండ్లు మిర్చిబజ్జీలు ఏసుకుంట, చూసి నేర్చుకున్నదట.
బజ్జీ మాడితే ఒక వాసన, కాయిల్ మాడితే ఇంకొకటి,
రెండూ ముక్కుతోనే పట్టాలె అన్నది.

ఆడమనిషి చుట్టిన మోటారు నీళ్లెత్తుతదా అని
ఊరు ఊరంత నవ్వితే
పంట ఎండితే నా మేక నీది, తోలుకపో అన్నదట మొదటి రైతుతోని.
ఆ మేక ఆమె వాకిట్లనే ముసల్దైంది.

ఇప్పుడు ఏడూర్ల మోటార్లు ట్రాక్టర్లెక్కి ఆమె దగ్గరికొస్తయి.
నలుగురు ఆడపిల్లలు తీగ చుడుతరు, చుట్లు లెక్కబెట్టేటప్పుడు
ఎవ్వరితో మాట్లాడరు, పెండ్లిపత్రిక ఇయ్యనొచ్చినోల్లతోని కూడ.

గాజు మీద చెక్కింది చెరపలేం.
తలకట్టునే సాగదీసి దీర్ఘం చేసిన.
పాత గీత మచ్చ కనబడుతనే ఉన్నది.
"ఉండనియ్యి" అన్నది. అని, పలకను బోర్లా తిప్పింది.
"ఈడ ఇంకొన్ని పేర్లు రాయి."

సాయవ్వ. ఈరమణి. హలీమా బీ. జమ్లీబాయి. బొందమ్మ.
సంఘం అప్పు వాళ్ల వంతు వచ్చినప్పుడు
ముందు నువ్వు తీసుకో అన్నోళ్లు.
మరి కరెంటు మీటరిచ్చిన లైన్‌మన్ పేరు?
"వానిదొద్దు.
వాడు తిప్పిన తిప్పలకు రెండు జతల చెప్పులరిగినయి."

పద్దెనిమిది అక్షరాలు. యాభై నాలుగు రూపాయలు.
ఉట్టిగ చేస్తనంటే ఒప్పుకోలేదు,
బిల్లు కావాలె అన్నది, సంఘం పుస్తకంల అంటించాలెనంట.
దీర్ఘానికి మాత్రం పైసలియ్యలే.
తప్పు నాది కద.

పలకను ఎండకు పట్టి చూసినం ఇద్దరం.
ముందటి నుంచి చూస్తే ఆమె పేరెనక
ఐదు పేర్లు తిరగబడి,
బాయిలకు తొంగిచూసిన మొఖాల తీరు.

పోతపోత నా టేబుల్ ఫ్యాన్ దిక్కు చెవి పెట్టింది.
"ఎన్నాళ్లయింది ఇది మూలగబట్టి?"
నాకు ఇనబడనే లేదు, నాయిన కాలం ఫ్యాను.
వైరు తీసి చుట్టి సంచిల రాగితీగల మీద పండబెట్టుకొని
"మంగళవారం తెస్త" అని బస్సుకు పోయింది.

ఇయ్యాల ముప్పై పేర్ల లిస్టొచ్చింది.
మెషిన్ ముట్టకముందు ఒక్కొక్కరికి ఫోన్ చేస్తున్న.
మీ పేరుల దీర్ఘముందా అమ్మా, ఇంటిపేరుల సున్న ఉందా అన్నా.
ఒకాయన పేరు చెప్పి ఊకోలే,
చెరువు పూడిక ఎట్ల తీయించిండో
ఇరవై నిమిషాలు చెప్పిండు. ఇన్న.

చెమటచుక్క పడి గాజు మసకైతే
తువ్వాలతోని తుడుస్తున్న.
సోమవారం గడుస్తలేదు.